అమ్మణ్ణీ, ఆ పైలట్ గురించి మళ్లీ రాసే ముందు

చిరంజీవి అమ్మణ్ణికి తాత ఆశీస్సులు.

మొన్న మీ నాయన చిత్తూరు నుంచి వస్తూ ఆఖరి కాపు తోతాపురి కాయలు ఒక సంచీ, నువ్వు రాసిన పన్నెండు పేజీలు తెచ్చిచ్చినాడు. కాయలు మీ అవ్వ తీసుకుంది. కాగితాలు పట్టుకుని నేను మేడెక్కాను. రెండుసార్లు చదివాను. చేతిరాత ముత్యాల్లా ఉంది. మిగతాదాని గురించి ఇక్కడ చెబుతాను, కోపం తెచ్చుకోవద్దు.

కాలేజీ పత్రికకు ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ గురించి రాయాలని నీకు తోచడమే నాకు సంతోషం. మన వైమానిక దళం మొత్తంలో పరమవీర చక్ర వచ్చింది ఆయనొక్కడికే. కానీ నువ్వు మొదటి పేజీలోనే ఆయన్ని మిగ్-21లో కూర్చోబెట్టావు. రెండో పేజీకల్లా స్క్వాడ్రన్ లీడర్‌ని చేసేశావు. మూడో పేజీలో ఆయన చేత ఆరు లైన్ల డైలాగు చెప్పించావు. చెట్ల ఎత్తులో విమానం తిప్పుతూ, వెనకాల శత్రువు తగులుకొని ఉన్నప్పుడు ఆరు లైన్లు చెప్పే తీరిక ఎవరికుంటుంది పాపా?

ఇంకో మాట. మీ తాత ఫైటర్ పైలట్ అని నువ్వు క్లాసులో చెప్పుకుంటున్నావట. అది వెంటనే మానెయ్యి. నేను ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌ని. విమానం బాడీ, రెక్కలు, చక్రాలు, వాటిని తిప్పే సరంజామా, ఇవీ నా పని. పైలట్ ఎగరేస్తాడు, మేము ఎగిరేట్టు చేస్తాం. రెండూ గౌరవమైన పనులే, కానీ ఒకటి కాదు.

ముందు విమానం సంగతి. సెఖోన్ నడిపింది నాట్. బ్రిటిష్ వాళ్ల డిజైను, మన బెంగళూరు విమానాల ఫ్యాక్టరీ హెచ్ఏఎల్‌లో తయారైంది. నాట్ అంటే దోమలాంటి చిన్న పురుగు. ఆ పేరుకి తగ్గట్టే ఉండేది. ఒక రెక్క కొస నుంచి ఇంకో రెక్క కొసకి ఏడు మీటర్లు కూడా లేదు. మీ ఇంటి ముందు వసారా కొలిచి చూడు, తెలుస్తుంది. ఖాళీగా ఉంటే రెండు టన్నుల చిల్లర. నేలమీద ఎంత పొట్టిగా ఉండేదంటే, నేను పక్కన నిలబడి కాక్‌పిట్ అంచు మీద చెయ్యి ఆనించుకుని పైలట్‌తో మాట్లాడేవాణ్ణి. గర్జించేది కూడా కాదు. సన్నగా, చెవుల్లో సూది పెట్టినట్టు కూసేది. నువ్వు రాసిన 'సింహగర్జన' కొట్టెయ్.

దాంతో మాకు తలనొప్పులు కూడా తక్కువేం కాదు. 30 మిల్లీమీటర్ల ఫిరంగులు రెండు ఉండేవి, అసలు సమయంలో జామ్ అయ్యే జబ్బు ఒకటి వాటికి. కంట్రోళ్లు ఎప్పుడూ ఏదో ఒకటి అడుగుతూనే ఉండేవి. కానీ అంత చిన్నది కాబట్టే గాల్లో శత్రువు కంటికి ఆనేది కాదు, చప్పున తిరిగేది. 1965 యుద్ధంలో పాకిస్తాన్ వాళ్ల సేబర్ ఫైటర్లను వేధించి 'సేబర్ స్లేయర్', అంటే సేబర్లను చంపేది, అని పేరు తెచ్చుకుంది. ఈ మంచీ చెడూ రెండూ రాస్తేనే ఆ మనిషి ఎందులో ఎక్కి ఎగిరాడో చదివేవాళ్లకి అర్థమవుతుంది. మిగ్-21 అని రాస్తే అర్థం కాదు, ఎందుకంటే అది వేరే విమానం, అందులో జరిగేది వేరే యుద్ధం.

ఇప్పుడు అసలు విషయం. పరమవీర చక్ర ప్రశంసాపత్రం, అంటే గవర్నమెంటు వాళ్లు రాసిన సైటేషన్, పొడుగ్గా ఏం ఉండదు. దాన్ని ముందు పెట్టుకుని ఒక్కో వాక్యాన్నీ వేలుపెట్టి చదువు. నేను పాత మిషను మాన్యువల్ చదివినట్టు చదవాలి దాన్ని.

అందులో ఒక మాట ఉంది, నీ పన్నెండు పేజీల్లో ఎక్కడా లేదు. 1948 నుంచి ఉన్న అంతర్జాతీయ ఒప్పందం వల్ల, 1971లో పాకిస్తాన్‌తో యుద్ధం మొదలయ్యేదాకా శ్రీనగర్‌లో రక్షణ విమానాలు పెట్టలేదు. అంటే సెఖోన్‌కి ఆ లోయ కొత్త. ఆ ఎత్తు కొత్త. శ్రీనగర్ మన తిరుమల కంటే చాలా ఎత్తు. ఆ చలి, ఆ కోసేసే గాలి అలవాటయ్యే టైము కూడా లేదు. అయినా యుద్ధం మొదలైన దగ్గర్నుంచి ఆయనా తోటివాళ్లూ వచ్చిన ప్రతి దాడినీ ఎదుర్కొంటూనే ఉన్నారు. నువ్వు దాన్ని 'హిమగిరుల సింహం' అన్న రెండు మాటల్లో తేల్చేశావు. హిమగిరులు ఆయనకి ఊరు కాదమ్మా. ఆయనది పంజాబ్, లూధియానా దగ్గర ఇసేవాల్ అనే పల్లె. తండ్రి త్రిలోచన్ సింగ్ గారూ వైమానిక దళంలో పనిచేసినవారే. కొడుకు 1967 జూన్ 4న ఆఫీసరుగా చేరాడు. నాలుగున్నరేళ్ల సర్వీసు, పెళ్లయిన కొత్త. కనపడిన వాణ్ణల్లా 'బ్రదర్' అని పిలిచేవాడట, చివరికి స్క్వాడ్రన్‌లో ఆయన పేరే బ్రదర్ అయిపోయింది. నీ వ్యాసం ఇక్కడ మొదలెట్టు. 'బ్రదర్' అని పిలిచే కుర్రాడు ఒకడు ఉన్నాడని తెలిస్తే, తర్వాత జరిగేది చదివేవాడికి ఇంకోలా ఉంటుంది.

1971 డిసెంబర్ 14 ఉదయం ఆరు సేబర్లు శ్రీనగర్ ఎయిర్‌ఫీల్డ్ మీదికి వచ్చాయి. ఆ సమయానికి డ్యూటీలో రెడీగా ఉన్న రెండు నాట్‌లలో ముందుది ఫ్లైట్ లెఫ్టినెంట్ ఘుమన్‌ది, వెనకది సెఖోన్‌ది. రన్‌వే మీద బాంబులు పడుతూంటే టేకాఫ్ అయ్యారు. ఆ పొగమంచులో లీడర్ కనపడకుండా పోయాడు. దీన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. నీకు అర్థమయ్యేట్టు చెబుతాను. పోయిన డిసెంబర్‌లో మనం అలిపిరి నుంచి నడిచి ఎక్కాం, గుర్తుందా? మోకాళ్ల మిట్ట దగ్గర మబ్బు దిగి, ముందు నడుస్తున్న మీ నాయన వీపు కూడా కనబడలేదు. నువ్వు భయపడి నా చెయ్యి పట్టుకున్నావు. మనం గంటకు రెండు కిలోమీటర్లు నడుస్తున్నాం అప్పుడు. ఆయన ఎంత వేగంలో ఉన్నాడో, చుట్టూ కొండలు ఎలా ఉన్నాయో ఊహించి రాయి. వీరత్వం అని ప్రత్యేకంగా రాయక్కర్లేదు, అదే కనపడుతుంది.

తర్వాత లెక్క. నువ్వు 'రెండు విమానాలను కూల్చివేశాడు' అని రాశావు. సైటేషన్‌లో ఆ మాట లేదు. ఒకదానికి గుళ్లు తగిలాయి, ఇంకోదానికి నిప్పంటుకుంది అని ఉంది. తగలడం వేరు, అంటుకోవడం వేరు, కూలడం వేరు. తర్వాత మిగతా సేబర్లు సాయానికి వచ్చి, నలుగురికి ఒక్కడయ్యాడనీ, చెట్ల ఎత్తులో దాదాపు సరిసమానంగా నిలబడ్డాడనీ, చివరికి ఆ సంఖ్యాబలం ముందు కూలాడనీ ఉంది. ఇంతకంటే ఏం కావాలి చెప్పు? దీనికి ఇంకో కూలిన విమానం అతికిస్తే ఆయన పెద్దవాడు కాడు. చదివేవాడికి అనుమానం వస్తుంది, అంతే.

ఈ కూల్చిన లెక్కల దగ్గర ప్రపంచమంతా ఇదే గోల. మొదటి ప్రపంచ యుద్ధంలో మన కలకత్తా కుర్రాడు ఇంద్రలాల్ రాయ్ 1918 జూలైలో రెండు వారాల లోపలే పది విజయాలు సాధించాడు. ఆ నెల 22న చనిపోయేనాటికి పందొమ్మిదేళ్లు. అయితే అప్పటి బ్రిటిష్ లెక్కలో శత్రువు విమానం అదుపు తప్పి కిందికి దిగిపోయినా విజయమే, తోటివాళ్లతో కలిసి కొట్టినా అందులో వాటా ఉంటుంది. అది తెలీకుండా పది విమానాలు నేలకూల్చాడు అని రాస్తే తప్పు. నాకైతే ఆ పది కంటే, మొదట కంటిచూపు బాలేదని వెనక్కి పంపితే, మోటార్‌సైకిల్ అమ్మి పెద్ద కంటి డాక్టరుకి చూపించుకుని మళ్లీ వెళ్లాడనేదే ఎక్కువ గుర్తుండిపోయింది.

అవతలివాళ్ల మాట కూడా చదువు. నీ పేజీల్లో శత్రువు అంటే ఒక నల్లటి మబ్బులా ఉన్నాడు, పేరు లేదు, మొహం లేదు. సెఖోన్ విమానాన్ని కూల్చిన పాకిస్తాన్ పైలట్ సలీం బేగ్ మీర్జా తర్వాత వ్యాసం రాస్తూ ఆయన ధైర్యాన్ని ఒప్పుకున్నాడు. మన వాళ్లు వంద పేజీల్లో పొగిడినా ఆ ఒక్క వ్యాసానికి సరిరాదు. అదే ఏడాది నవంబర్ 22న, అసలు యుద్ధం ప్రకటించక ముందే, బెంగాల్ సరిహద్దులో బోయ్‌రా మీద మన నాలుగు నాట్‌లు సేబర్లను కొట్టాయి. పారాచూట్‌తో దిగి మనవాళ్లకి దొరికిన ఒక కుర్ర ఆఫీసర్ పర్వేజ్ మెహదీ ఖురేషీ. తర్వాత తర్వాత ఆయన పాకిస్తాన్ వైమానిక దళానికే అధిపతి అయ్యాడు.

ఇంకా పెద్ద ఉదాహరణ చెబుతాను, దీన్ని మటుకు నిదానంగా చదువు. 1965 సెప్టెంబర్ 7. ఆదంపూర్ నుంచి మన మిస్టేర్ విమానాలు పాకిస్తాన్‌లోని సర్గోధా మీద దాడికి వెళ్లాయి. అందులో కూర్గు మనిషి స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బొప్పయ్య దేవయ్య. అసలు ఆయన స్టాండ్‌బై, ఎవరైనా ఆగిపోతే వెళ్లాల్సినవాడు. వెళ్లాడు, తిరిగి రాలేదు. మన రికార్డుల్లో అంతే. ఇరవై ఏళ్లకు పైగా అంతే. పాకిస్తాన్ వైపు సంగతులు ఒక బ్రిటిష్ రచయిత పుస్తకంలో బయటికొచ్చాక తెలిసింది, అమ్జద్ హుసేన్ అనే పైలట్ స్టార్‌ఫైటర్‌లో వెంటపడితే, దెబ్బతిన్న మిస్టేర్‌తోనే ఈయన తిరగబడ్డాడని. స్టార్‌ఫైటర్ ధ్వనికి రెండింతల వేగంతో పోయేది. మిస్టేర్ దాని ముందు ఎద్దులబండి. ఆ ఎద్దులబండిలోంచి కొట్టిన దెబ్బకి స్టార్‌ఫైటర్ పోయింది, దాని పైలట్ పారాచూట్‌తో దిగి బతికాడు. దేవయ్య గారికి మహావీర చక్ర ఇచ్చింది 1988లో. ఇరవై మూడేళ్లు! ఆ స్క్వాడ్రన్‌లో ఆ రోజు ఆయన విమానానికి సంతకం పెట్టి పంపిన ఫిట్టర్ ఎవరో, తన విమానం ఏమైందో తెలీకుండానే రిటైరై ఉంటాడు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ పేరు తెలీని ఫిట్టరే గుర్తొస్తాడు.

మనకి నచ్చని సంగతులు కూడా వదలకు. 1965 సెప్టెంబర్ 3న ట్రెవర్ కీలర్ నాట్‌తో సేబర్‌ని కొట్టి వీరచక్ర తెచ్చుకున్నాడు. అదే రోజు, అదే పోరులో మన ఇంకో నాట్ పాకిస్తాన్‌లోని పస్రూర్‌లో దిగిపోయింది. అది ఇప్పటికీ కరాచీ మ్యూజియంలో ఉంది. రెండోది దాచి మొదటిది రాస్తే అది చరిత్ర కాదు, పెళ్లిచూపులకు ఇచ్చే బయోడేటా.

ఇంత కచ్చితంగా ఎందుకు చెబుతున్నానంటావేమో. తప్పు చేశాను కాబట్టి. చాలా ఏళ్ల కిందట ఒక స్కూల్లో ఆగస్టు 15కి మాట్లాడమన్నారు. పిల్లలు చప్పట్లు కొడుతూంటే ఊపొచ్చింది. సెఖోన్ గారిని ఆ రోజు సీట్లో కూర్చోబెట్టి బెల్టులు బిగించింది నేనే అన్నట్టు చెప్పేశాను. అయిపోయాక ఏడో తరగతి పిల్లోడు ఒకడు వచ్చి, 'తాతా, మీరు పంజాబ్‌లో పనిచేశామని ముందు చెప్పినారు కదా, మరి శ్రీనగర్‌లో ఎప్పుడున్నారు?' అన్నాడు. నేను శ్రీనగర్ మొహం చూడలేదు. బస్సుకి టైమైందని చెప్పి వచ్చేశాను. వాళ్లిచ్చిన శాలువా ఇప్పటికీ బీరువాలోనే ఉంది, ఒక్కసారి కూడా కప్పుకోలేదు.

మరి నేను నిజంగా చూసింది ఏమిటంటే చెబుతాను. పనికొస్తే వాడుకో. 1971లో నాకు ఇరవై. పంజాబ్‌లో ఒక బేస్. డిసెంబర్ చలికి స్పానర్ పట్టుకుంటే చర్మం అంటుకునేది. రాత్రంతా బ్లాకౌట్, టార్చికి గుడ్డ కట్టి ఆ సందులో పడే వెలుతుర్లో పని. ఒక రాత్రి పని అయ్యాక టూల్ బోర్డు మీద ఒక చిన్న స్పానర్ తక్కువ వచ్చింది. మా చీఫ్ ఏమీ తిట్టలేదు. 'విప్పండి' అన్నాడు. మూసిన ప్యానెళ్లన్నీ విప్పాం. లోపల ఎక్కడైనా అది ఉండి, గాల్లో కంట్రోలు తీగ కింద ఇరుక్కుంటే పైలట్ పోయినట్టే. తెల్లవారుజామున నాలుగింటికి నా జాకెట్ లైనింగ్‌లో దొరికింది, జేబుకి చిరుగు ఉంటే జారిపోయింది. మళ్లీ అన్నీ బిగించాం. చీఫ్ నా జాకెట్ తీసుకుని ఆ జేబు తానే కుట్టి ఇచ్చాడు. అది తిట్టడం కంటే ఎక్కువ తగిలింది.

పొద్దున పైలట్ వచ్చాడు. ఫారం 700 అని ఒకటి ఉంటుంది, విమానానికి జాతకం లాంటిది. ఏ లోపం వచ్చింది, ఎవరు సరిచేశారు, అన్నీ అందులో రాసి మేం సంతకం పెడతాం. దాని కింద పైలట్ సంతకం పెడితే విమానం ఆయనది. ఆయన నా ఎర్రబడిన కళ్లు చూసి, పేజీ చూసి, ఒక్క మాటా అడగకుండా సంతకం పెట్టాడు. సీట్లో కూర్చున్నాక భుజాల మీద బెల్టులు బిగించాను. ఆ సీటు కింద మందుగుండు ఉంటుంది, ప్రమాదంలో మనిషిని బయటికి విసిరేయడానికి. దాని సేఫ్టీ పిన్నులు తీసి ఆయన కళ్లముందు చూపించాలి. చూపించాను. తలూపాడు. నిచ్చెన తీసి పక్కకి జరిగాను.

నాలుగు వెళ్లాయి. మూడు వచ్చాయి. మిగతా వాళ్లు తమ విమానాల దగ్గరికి నిచ్చెనలతో పరుగెత్తారు. నేను నా నిచ్చెన పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఎంతసేపని అడిగితే చెప్పలేను. ఇంధనం ఎంతసేపటికి అయిపోతుందో నాకు తెలుసు, ఆ టైము దాటిపోయిందనీ తెలుసు. ఎవరూ నన్ను రమ్మని పిలవలేదు. నా మనసులో ఒకటే, ఇంకో స్పానర్ ఏమన్నా ఉండిపోయిందా అని. బోర్డు దగ్గరికెళ్లి మళ్లీ లెక్కపెట్టొచ్చాను. అన్నీ ఉన్నాయి. మధ్యాహ్నం దాటాక ఫోను వచ్చింది, ఇంధనం తక్కువై ఇంకో బేస్‌లో దిగాడని. సాయంత్రం ఆయన విమానంతో వచ్చి దిగుతూ అడిగిన మొదటి మాట: 'తిన్నావా?'

నీ వ్యాసంలో గాల్లో జరిగేది పదకొండు పేజీలుంది. నేలమీద ఒక్క పేజీ కూడా లేదు. ఫైటర్ పైలట్ జీవితం ఎక్కువ భాగం నేలమీదే గడిచేది పాపా. ఓఆర్‌పీ, అంటే విమానాలు రెడీగా నిలబెట్టే చోటు, దాని దగ్గర బూట్లు కూడా విప్పకుండా కూర్చుని చీట్లాడుకోవడం, టీ చల్లారిపోవడం, వెంటనే ఎగరమనే స్క్రాంబుల్ గంట మోగితే కప్పు ఎక్కడ పెట్టామో చూసుకోకుండా పరుగెత్తడం, మళ్లీ వచ్చి ఆ చల్లారిన టీనే తాగడం. కొందరు ఆ టీ కోసం తిరిగి రాలేదు.

ఇక పని. మీ చిత్తూరులోనే జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసు ఉంది, వెళ్లి అడుగు. మిలటరీ క్యాంటీన్ క్యూలో నిలబడ్డ ముసలాళ్లని చూసుంటావు కదా, వాళ్లలో వైమానిక దళం వాళ్లుంటారు. పైలట్లే కావాలని పట్టుపట్టకు. వంటవాడు, డ్రైవరు, రేడియో ఆపరేటరు, ఎవరైనా సరే. వాళ్లని 'మీకు భయమేసిందా?', 'మీకెలా అనిపించింది?' అని అడిగితే సినిమాల్లో విన్నదే చెబుతారు, నేను ఆ స్కూల్లో చెప్పినట్టు. 'ఆ రోజు పొద్దున ఏం తిన్నారు?', 'మీ పక్క మంచం ఎవరిది?', 'జేబులో ఏముంది?' అని అడుగు. ఒకదాని వెనక ఒకటి వస్తాయి. మధ్యలో ఆగిపోతే నువ్వూ ఊరుకో, ఫోను తీసి చూసుకోకు. తేదీలు మటుకు వాళ్ల నోటిమాట నమ్మకు, మా వయసులో యుద్ధాలు రెండూ కలిసిపోతాయి. 65లో జరిగింది 71లో చెబుతాం.

పైలట్ ఇంటివాళ్లు దొరికితే లాగ్‌బుక్ ఉందేమో అడుగు. ప్రతి ఫ్లైటూ అందులో ఉంటుంది, తేదీ, విమానం నంబరు, ఎంతసేపు. వరసగా రాసుకుంటూ పోయిన పేజీ ఒక తేదీ దగ్గర ఆగిపోతుంది. దాన్ని ఎలా రాయాలో నీకు నేను చెప్పక్కర్లేదు.

నీ రాతలో నాకు నచ్చింది ఒకటుంది, చెప్పకపోతే పాపం. తొమ్మిదో పేజీలో, ఆయన శరీరం దొరకలేదన్న సంగతి ఒక చిన్న వాక్యంలో రాసి, కింద రెండు లైన్లు ఖాళీ వదిలావు. కావాలని వదిలావో, పెన్ను ఆగిందో నాకు తెలీదు. అది మార్చకు.

వచ్చే ఆదివారం పొద్దున్నే బస్సెక్కు. ఎండ ముదరక ముందే మేడ మీద కూర్చుని రెండో రాత చూద్దాం, ఎరుపు పెన్ను నా దగ్గరుంది. అవ్వ సంగటి, శెనక్కాయల ఊరుబిండి చేస్తానంటోంది. సైటేషన్ ప్రింటు కాస్త పెద్ద అక్షరాల్లో తీసుకురా, నా అద్దాలు మార్చాలి. ఆ బీరువాలో శాలువా ఎక్కడుందో అవ్వని అడిగి తీయించు, నువ్వు ఇంటర్వ్యూకి వెళ్లే మొదటి పెద్దాయనకి అది కప్పు.

ఇట్లు,
మీ తాత
తిరుపతి